మట్టికి పదును, ఇనుముకు పదును

మన తెలుగులో ‘పదును’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. కత్తికి పదును, కర్రుకు పదును అన్నప్పుడు అది వాడి. చేనుకు పదును అన్నప్పుడు అది తడి. తడి అంటే ఏ తడి పడితే ఆ తడి అనుకునేరు! వాన కురిసి, నీళ్ళు ఇంకి, మట్టి కాళ్ళకు ముద్దలుగా అంటుకోకుండా, దుమ్ముగా పైకి లేవకుండా, పిడికిట పట్టి పిసికితే ఉండయి, వేలితో తడితే విడిపోయేటంత తడి. మొదటి పదును కమ్మరి కొలిమిలో తయారవుతుంది. రెండోది ఆకాశం పంపిస్తే రావాలి. సేద్యం చరిత్ర అంతా, ఈ రెండు పదునులూ ఒకే రోజున ఒకే చేలో కలుసుకునేటట్టు చూడడానికి మనిషి పడ్డ తంటాల చరిత్రేనేమో అనిపిస్తుంది నాకు.

నవలలు రాసుకునే దానికి ఈ గొడవెందుకమ్మా అంటారా? చెబుతాను. వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ నడుమ ఒక పల్లెలో మా చిన్నాయన కొడుకు సేద్యం చేస్తాడు. నాలుగెకరాల భూమి. అందులో రెండెకరాలు ఎర్ర చలక, ఎకరం రేగడి, మిగిలిన ఎకరం మామిడితోట. పెద్ద ట్రాక్టరు తోటలో కొమ్మల కింద దూరదు, కొనే శక్తీ లేదు. అంచేత ఒకరు వాడి అమ్మిన చిన్న ట్రాక్టరు, 18 హెచ్.పి.ది, బేరం చేసి కొన్నాడు. కొనేటప్పుడు ఊళ్ళో సగంమంది వెంట వెళ్ళారట. ఇంజను చప్పుడు విన్నవాళ్ళు కొందరు, టైర్లు నొక్కి చూసినవాళ్ళు కొందరు. బండి ఇంటికొచ్చింది, కొబ్బరికాయ కొట్టారు, పసుపూ కుంకమా పెట్టారు. తీరా దాని వెనకాల ఏం కట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి సలహా చెప్పే నాథుడు లేడు. చేతిలో మిగిలిన డబ్బుకు ఒకటో రెండో పనిముట్లు మాత్రమే వస్తాయి.

“అక్కా, నువ్వు గిన్ని పుస్తకాలు రాస్తివి, ఎనక ఏం గట్టాల్నో జెర చెప్పరాదూ? అందరు రోటవేటరే తెస్తున్నరు, నేను గూడ గదే తెద్దామనుకుంటున్న,” అన్నాడు ఫోనులో.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. స్పానరు పట్టుకోవడం రాదు కానీ, ఏ వస్తువైనా ఎక్కడినుంచి వచ్చింది, ఎందుకు వచ్చింది అని ఆరా తియ్యడం వచ్చు. ట్రాక్టరు వెనక కట్టేవాటి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటే, మావాడి చేనుకు ఏది నప్పుతుందో తేలుతుందనిపించింది. తేలింది కూడా.

ముందు మట్టి సంగతి చూడాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. అంతకు ముందు మూడూ కలిసి పాలమూరే. ఇంకా వెనక్కి వెళితే గద్వాల, వనపర్తి సంస్థానాలు. మ్యాపు మీద పక్కపక్కనే ఉన్నా, నాగలి పెట్టి చూస్తే ఇవి ఒకదానికొకటి దూరపు చుట్టాలు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న గద్వాల సీమను నడిగడ్డ అంటారు. అక్కడ నల్లరేగడి విస్తారం. వనపర్తి వైపు వస్తే చెరువులు, చెరువుల కింద మడికట్లు, కట్టల మీద వేరుశనగ వేసే ఎర్రనేలలు. నాగర్‌కర్నూలు దాటి నల్లమల వైపు పోయినకొద్దీ చలకలూ, దుబ్బలూ, గులకరాళ్ళూ. ఒకప్పుడు జొన్న, ఆముదం తప్ప మరో పంట పేరెత్తనిచ్చేవి కావు.

చలకకు ఓపిక తక్కువ. వాన పడ్డాక రెండు మూడు రోజులు మాత్రమే మెత్తగా మాట వింటుంది. ఆ తరువాత ఎండి బిగుసుకుని గడ్డపారకు కూడా లొంగదు. రేగడి తీరు వేరు. తడిస్తే బంకమట్టి, అడుగు వేస్తే చెప్పును లాగేసుకుంటుంది. ఎండితే బొంగరం పట్టేటంత నెర్రెలు విడుస్తుంది. వాన వెలిశాక నాలుగు రోజులు ఆగితే గానీ దగ్గరికి రానివ్వదు. అంటే ఒక్క వానే రెండు చేలలో రెండు వేర్వేరు రోజుల్లో పదునవుతుంది. ఈ తేడా తెలిసినవాడే రైతు.

మన పూర్వీకులు ఈ తేడాను పుస్తకాల్లో రాయలేదు. కట్టెతోనూ ఇనుముతోనూ చెక్కి పెట్టారు. నాగలి అందరికీ తెలిసిందే. కాడి, నొగ, మేడి, కర్రు, ఇంతే దాని సంసారం. ఎర్రనేలలో వాన పడ్డప్పుడల్లా నాగలి కట్టేవారు, పైన అట్టకట్టిన మట్టి పగిలితేనే నీరు లోపలికి దిగుతుంది కనుక. రేగడిలో మాత్రం ఏటేటా లోతుగా దున్నే అలవాటు లేదు. ఏ నాలుగైదేళ్ళకో ఒకసారి, గరిక బలిసినప్పుడు, పెద్ద నాగలికి మూడు నాలుగు జతల ఎడ్లను కట్టి దున్నేవారు. మిగిలిన సంవత్సరాల్లో గుంటకే రాణి. అడ్డంగా ఒక ఇనుప పలక, దానిమీద ఒక దిమ్మ, అంతే. నేల పైపొరను పలచగా కోస్తూ, కలుపు వేళ్ళు తెంచుతూ, నెర్రెలు పూడుస్తూ పోతుంది. నేల లోపలి తడి ఆవిరైపోకుండా పైన దుప్పటి కప్పినట్టు మెత్తని మట్టి పొర మిగులుతుంది. వేరుశనగ పండినప్పుడు కాయ కింద పలకను పోనిచ్చి చెట్లను పైకి లేపడానికీ అదే గుంటక.

విత్తడానికి గొర్రు. మూడు పళ్ళో, నాలుగు పళ్ళో, అంతకంటే ఎక్కువో. ప్రతి పంటికీ ఒక వెదురు గొట్టం. గొట్టాలన్నీ పైన జడ్డిగం అనే కట్టెగిన్నెలో కలుస్తాయి. జడ్డిగంలో గింజలు పోస్తూ పోతే అన్ని సాళ్ళలోనూ సమంగా రాలాలి. ఈ పోయడం చాలా ఊళ్ళలో ఆడవాళ్ళ పని. మా మేనత్త ఆ పనిలో పేరు మోసిన మనిషి. “జడ్డిగంల గింజ పోసేటప్పుడు కన్ను అక్కర్లే బిడ్డా, ఎడ్ల అడుగు ఇనాలె. ఎద్దు అడుగుకూ నా పిడికిలికీ లెక్క గలిసిందంటె సాలు తప్పదు,” అనేది. ఆవిడకు పలకా బలపం తెలియదు. కానీ ఎకరానికి ఎన్ని జొన్నలు పడాలో ఆవిడ బొటనవేలికి తెలుసు. చెప్పు విడిచి చేలో అడుగుపెట్టి, “ఇయ్యాల కాదు, రేపు పొద్దుగాల,” అని చెప్పేది. మట్టి పదునును పాదంతో కొలిచే విద్య అది.

ఈ గొర్రుకు మనమనుకున్నదానికంటే పెద్ద చరిత్ర ఉంది. ఇంగ్లండులో జెత్రో టల్ అనే ఆసామి 1701 ప్రాంతంలో విత్తనాలు సాళ్ళలో వేసే యంత్రం తయారు చేశాడని అక్కడి పిల్లలు పాఠంగా చదువుకుంటారు. 1795లో థామస్ హాల్కాట్ అనే కెప్టెన్ దక్షిణదేశంలో గుర్రం మీద పోతూ, ఒక చేలో రైతులు గొర్రుతో విత్తుతుంటే చూసి ఆశ్చర్యపోయాడు. అంతవరకూ ఆ యుక్తి ఈమధ్య ఐరోపావాళ్ళకు తట్టిందనే ఆయన నమ్మకం. ఇక్కడ అడిగితే, అనాదిగా ఉన్నదే అన్నారు. ఆ పనిముట్టు సంగతి ఆయన శ్రద్ధగా రాసి ఇంగ్లండులోని వ్యవసాయ బోర్డుకు తెలియజేశాడు. ఆ తరువాత సుమారు వందేళ్ళకు, 1889లో, వోల్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి మన సేద్యాన్ని బాగుచెయ్యమని సర్కారు పంపించింది. ఆయన దేశమంతా తిరిగి 1893లో పెద్ద నివేదిక ప్రకటించాడు. రైతుకున్న వసతుల్లో అతని పనిముట్లు అతనికి తగినట్టే ఉన్నాయనీ, వాటిని మార్చి సాధించేది పెద్దగా లేదనీ ఆయన తేల్చాడు. బాగుచెయ్యడానికొచ్చినవాడు మెచ్చుకుని పోయాడన్నమాట!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మెచ్చుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు గానీ, వీటిని చేసినవాళ్ళకు ఒరిగింది తక్కువ. గద్వాల సంస్థానం కవి పండితులను ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకుంది. పద్యం చెప్పినవాడికి శాలువా దక్కింది, గొర్రు చెక్కిన వడ్లాయనకూ కర్రు సాగదీసిన కమ్మరికీ కళ్ళం దగ్గర ఇన్ని గింజలు దక్కాయి. ఇక మట్టి తవ్వడంలో పాలమూరు కూలీలను మించినవాళ్ళు లేరని దేశమంతా పేరు. పారా గడ్డపారా తట్టా పట్టుకుని వాళ్ళు ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో మట్టి మోశారు. సొంత జిల్లాలో కృష్ణ మీద జూరాల ప్రాజెక్టుకు శంకుస్థాపన జరగడానికి 1981 దాకా ఆగాల్సి వచ్చింది. మట్టిపనిలో అంత నేర్పున్న సీమలో మట్టికి నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. అందుకే ఇక్కడ వానపదును అంత విలువైంది.

ఇప్పుడు ట్రాక్టరు దగ్గరికి వద్దాం. మొదట్లో ట్రాక్టరంటే ఇనుప ఎద్దే. ఎడ్లను విప్పేసి, అదే నాగలిని గొలుసుతో దాని వెనక కట్టి లాగించేవారు. దాంతో ఒక చిక్కొచ్చిపడింది. నాగలి ఏ రాతికో వేరుకో తగులుకుంటే ఎడ్లయితే ఆగిపోతాయి. ఇంజనుకు ఆ తెలివి లేదు. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, ముందు భాగం గాల్లోకి లేస్తుంది, బండి వెనక్కి బోర్లాపడి నడిపేవాడు దానికింద నలిగిపోతాడు. ఇలా ఎంతోమంది ప్రాణాలు పోయాయి.

ఐర్లండులో రైతు కుటుంబంలో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ ఈ చిక్కును విడదీశాడు. పనిముట్టును గొలుసుతో ఈడ్చడం మానేసి, మూడు చోట్ల బిగించి ట్రాక్టరులో ఒక అవయవంగా చేసేశాడు. కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ. దీనికి ఆయన పేటెంటు తీసుకున్నది 1926లో. 1933లో నల్లరంగు వేసిన నమూనా ట్రాక్టరు తయారైంది. 1938లో అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డుకు చూపిస్తే, ఇద్దరూ కాగితం కలం లేకుండా చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. 1939లో ఆ ట్రాక్టరు బయటికొచ్చింది. తరువాత ఫోర్డు మనవడి హయాములో ఆ ఒప్పందం చెడి కోర్టుకెక్కడం, 1952లో ఫెర్గూసన్‌కు 92 లక్షల డాలర్లు దాటి పరిహారం ముట్టడం వేరే నవల. ఈనాడు లోకంలో ఏ ట్రాక్టరు వెనకాల చూసినా ఆ మూడు చేతులే కనబడతాయి.

నన్ను ఆకట్టుకున్నది ఆ పైకడ్డీ. నాగలి గట్టినేలలో దిగి భారమైతే, ఆ ఒత్తిడి పైకడ్డీ ద్వారా ట్రాక్టరుకు తెలుస్తుంది. వెంటనే లోపలి నూనె యంత్రం చేతులను కాస్త పైకెత్తి నాగలిని తేలిక చేస్తుంది. నేల మెత్తబడగానే మళ్ళీ దింపుతుంది. ఇది ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. మేడి మీద చెయ్యి! నాగలి పట్టినవాడు చేసేదీ అదేగా. గట్టిచోట మేడిని కాస్త వదులుతాడు, మెత్తని చోట అదుముతాడు. వేల ఏళ్ళుగా మనిషి అరచేతిలో ఉన్న విద్యను ఫెర్గూసన్ ఇనుములోకి దించాడు.

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్ కంపెనీతో మొదలైంది. తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే సంవత్సరం వనపర్తి రాజావారి భవనంలో పాలిటెక్నిక్ కళాశాల వెలిసింది. ఆ పక్కనే సరళాసాగర్ పూర్తయిందీ ఆ ఏడాదే. నీరు నిండగానే ఎవరూ గేటు ఎత్తకుండా తనంత తానే సైఫన్లలోంచి దూకే చెరువది. మట్టి గట్టిదనం తెలుసుకునే కడ్డీ, నీటి మట్టం తెలుసుకునే సైఫను! యంత్రానికి స్పర్శ నేర్పాలన్న తపన ఆ కాలానిది.

మరి మావాడు కలవరిస్తున్న రోటవేటరు సంగతి? అది పుట్టింది ఆస్ట్రేలియాలో. గిల్‌గాండ్రా అనే ఊళ్ళో క్లిఫ్ హొవార్డ్ అనే కుర్రవాడు 1912లో తండ్రి పొలంలో ప్రయోగాలు మొదలుపెట్టాడు. నాగలి మట్టిని ఒక పక్క తిరగేస్తూ మరో పక్క అదిమేస్తోంది, తిరిగే కత్తులతో మట్టిని చిలికితే ఎలా ఉంటుందని అతని ఆలోచన. 1920లో పేటెంటు తెచ్చుకున్నాడు, 1938లో ఇంగ్లండు వెళ్ళి కంపెనీ పెట్టాడు. ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకటే. చేలోనూ అంతే, ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరిగిందంటే నేల పిండిలా తయారవుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. వరిమడిలో దమ్ము చెయ్యడానికీ, పాత పంట మోళ్ళు ముక్కలు చేసి కలపడానికీ దానికి సాటి లేదు.

చలకలో మాత్రం ఆ ముచ్చట ఒక్క వానతో తీరుతుంది. పిండి అయిన ఎర్రమట్టి మీద గట్టి జల్లు పడితే పైన అప్పడంలా అట్టకడుతుంది. లోపల మొలకెత్తిన గింజ దాన్ని చీల్చుకుని రాలేక వంకర తిరిగి చచ్చిపోతుంది. ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. కత్తులు జానెడు లోతు కూడా దిగవు. ఏటేటా అదే లోతులో తిరుగుతూ, తడి ఎక్కువున్నప్పుడు కింది మట్టిని పేడతో అలికినట్టు అదిమి మెత్తేస్తాయి. కొన్నేళ్ళకు అక్కడ గచ్చులాంటి పొర తయారవుతుంది. వాన నీళ్ళు దిగవు, కంది వేరు దిగదు. ఆ పొర పగలగొట్టాలంటే లోతునాగలి కావాలి, దాన్ని లాగడం 18 హెచ్.పి. బండి వల్ల అయ్యే పని కాదు. అంటే చిన్న ట్రాక్టరు తాను పెట్టిన గచ్చును తాను పగలగొట్టలేదు. మళ్ళీ పెద్ద బండికి బాడుగ చెల్లించాలి.

“మరి అన్ని పనులకూ పనికొచ్చే పనిముట్టు ఒకటి లేదా అక్కా?” అన్నాడు మావాడు. ఉండేది! ఆ కథ మన దగ్గరే జరిగింది. 1972లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలిసింది. మెట్ట సేద్యం బాగుకోసం వాళ్ళు చేసిన పనుల్లో ఒకటి ‘ట్రాపికల్టర్’. ఫ్రాన్సు దేశపు జాన్ నోల్ రూపకల్పన. రెండు చక్రాల బండి, ఎడ్లు లాగుతాయి, నడిపేవాడు దాని మీద కూర్చుంటాడు. నాగలి, గుంటక, గొర్రు, సాళ్ళు తీసే బోదెనాగలి, ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. రేగడిలో 150 సెంటీమీటర్లకొక బోదె తీసి, మధ్య వెడల్పాటి కట్ట మీద పంట వేసే పద్ధతికి అది చక్కగా నప్పింది. పరిశోధనా క్షేత్రంలో అద్భుతంగా పనిచేసింది. రైతులు మాత్రం తీసుకోలేదు. పాల్ స్టార్కీ అనే పరిశోధకుడు దేశదేశాల్లో ఇటువంటి బండ్ల కథ సేకరించి 1988లో ఒక పుస్తకం రాశాడు. వాటిని లోపం లేకుండా తీర్చిదిద్దారు, అయినా రైతు కాదన్నాడు అన్న అర్థం వచ్చేటట్టు దానికి పేరు పెట్టాడు.

ఎందుకు కాదన్నాడు? ఖరీదు మోయలేనిది. బరువు ఎక్కువ. ఒక పనిముట్టు విప్పి ఇంకోటి బిగించేసరికి పూట గడిచిపోతుంది. చెడిపోతే ఊరి కమ్మరి వల్ల కాదు. గొర్రూ గుంటకా అయితే తుమ్మమొద్దుతో ఊళ్ళోనే తయారవుతాయి, విరిగితే ఊళ్ళోనే అతుక్కుంటాయి. అదే ఇక్రిశాట్ 1975 నుంచి మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామాల్లో రైతుల బతుకులను ఇంటింటికీ తిరిగి రాసిపెట్టింది. పనిముట్టు గొప్పదనం తేల్చేది పరిశోధనా క్షేత్రం కాదని, వాన వచ్చిన మర్నాడు ఆ ఇంటి ముందర ఉన్న మనుషులూ డబ్బూ అని అటువంటి లెక్కల వల్లే లోకానికి అర్థమైంది.

ఇంత చరిత్ర తిరగేశాక మావాడి ప్రశ్న తేలికైపోయింది. చిన్న ట్రాక్టరు కొనడంలో అసలు లాభం దాని బలం కాదు. ఒక జత ఎడ్ల బలం సుమారు ఒక హెచ్.పి. అంటారు. 18 అన్న అంకె చూసి పద్దెనిమిది జతల ఎడ్లు కొట్టంలో ఉన్నాయనుకుంటే పొరపాటు. మెత్తని నేలలో చక్రం జారుడుకే బోలెడంత పోయి, లాగడానికి మిగిలేది సగం. లాభమల్లా అది మన ఇంటి ముందు ఉండడమే. బాడుగ బండి కోసం ఊరంతా వరస కడితే మన వంతు అయిదో రోజుకొస్తుంది. చలక పదును మూడో రోజుకే పోతుంది. సొంత బండి రెండో రోజు పొద్దున్నే చేలో ఉంటుంది. కనుక దాని వెనక కట్టాల్సింది, పదును పోకముందే త్వరత్వరగా చేను తిరిగి రాగలిగినవి.

మొదటిది అయిదు పళ్ళ కల్టివేటరు. తొమ్మిది పళ్ళది సగం ధరకు వస్తోందని కొంటే చిన్న బండి ముక్కుతూ మూలుగుతూ లోతు దిగదు, లేదా ముందు చక్రాలు తేలిపోతాయి. పళ్ళకు స్ప్రింగులుంటే రాయి తగిలినప్పుడు వెనక్కి వంగి బతుకుతాయి, నాగర్‌కర్నూలు గులకనేలల్లో అది అవసరం. రెండోది గుంటక. మన వెల్డింగు షాపులవాళ్ళు ట్రాక్టరు కొలతకు తయారు చేసిస్తున్నారు. రేగడి ఎకరానికీ, మామిడి సాళ్ళ మధ్య కలుపుకీ, వేరుశనగ లేపడానికీ అదొక్కటే మూడు పనులకొస్తుంది. రోటవేటరు ఏడాదికొకసారి కావాలంటే బాడుగకు తెచ్చుకోవచ్చు. కొనే తీరాలనుకుంటే మూడడుగుల వెడల్పుకు మించకూడదు. వెనక టైర్ల జాడలు కప్పేటంత ఉంటే చాలు, అంతకు తగ్గినా జాడలు మిగిలిపోతాయి. వేసవి లోతుదుక్కి మూడేళ్ళకొకసారి పెద్ద బండిచేత చేయించుకోవడమే మేలు, రేగడిలో పెద్దవాళ్ళు నాలుగు జతల ఎడ్లను బదులు తెచ్చుకున్నట్టు.

పాత బండి కదా, పళ్ళు చూడాలి. నల్లమల అమ్రాబాదు వైపు ‘పొడ తూర్పు’ పశువులని ఉన్నాయి. ఒంటి మీద పొడలు, రాళ్ళగుట్టలెక్కగలిగే గిట్టలు. లంబాడీ పెంపకందార్లు కాపాడుకొచ్చిన ఆ జాతిని 2020లో జాతీయ జాబితాలో చేర్చారు. కురుమూర్తి జాతరలో అవి అమ్మకానికి వస్తే, కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, తరువాత నాలుగడుగులు నడిపిస్తాడు. పాత ట్రాక్టరుకూ ఆ మూడు పరీక్షలున్నాయి. బరువైన పనిముట్టు బిగించి పైకెత్తి ఇంజను ఆపెయ్యాలి. కాసేపటికే దిగజారిపోతే నూనె యంత్రం అరిగిందన్నమాట, మేడి మీది చెయ్యి పట్టు తప్పిందన్నమాట. మూడు చేతుల మేకులు ఊపి చూడాలి, వదులుంటే దుక్కి పాములా వంకర్లు పోతుంది. వెనక తిరిగే ఇరుసు పళ్ళు చూడాలి, నిమిషానికి 540 చుట్లు తిరగాల్సిన వస్తువది. దాని దగ్గర చీర కొంగూ, పంచె అంచూ, పిల్లల చెయ్యీ పోకూడదు. పైన రేకు కప్పు లేకపోతే, దమ్మిడీ తగ్గించకపోయినా సరే, మొదట అది చేయించాలి.

ఇవన్నీ మావాడికి చెబితే, “గుంటక ఎవలన్న చూస్తె పాతకాలపోడు అంటరేమో అక్కా,” అని నసిగాడు. అక్కడే ఉన్న మా మేనత్త ఫోను లాక్కుంది. “పాతకాలందే గద బండి గూడ! కొత్తదేం గొన్నవురా?” అంది. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. విత్తనాలు యంత్రం పోస్తుంది, ఆవిడ పిడికిలికి పని లేదు. యంత్రం సాలు తప్పదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఏ రోజున పొయ్యాలో యంత్రం చెప్పదు. ట్రాక్టర్లు వచ్చాక మన పల్లెల్లో మాయమైన ఉద్యోగాల్లో జడ్డిగం వెనక నడిచే ఆడదానిది ఒకటి. జీతంబత్తెం లేని ఉద్యోగం గనుక పోయినట్టు ఎవరూ గమనించలేదు. కలుపుతీతా పత్తితీతా వంటి నడుం వంచే పనులు మిగిలాయి, చేను ఎప్పుడు పదునైందో తేల్చే అధికారం పోయింది. ఇంట్లో ట్రాక్టరున్న ఆడపిల్లలకు దాన్ని నడపడం నేర్పితే ఆ అధికారంలో కొంతయినా తిరిగి రావచ్చు. చిన్న ట్రాక్టరుకు కావలసింది కండబలం కాదు కదా, అడుగు వినగలిగే చెవి.

పాత గొర్రులూ జడ్డిగాలూ చాలా ఊళ్ళలో పొయ్యిలోకి పోయాయి. కొన్ని అదృష్టవంతులు పట్నం హోటళ్ళ గోడలకెక్కి వేలాడుతున్నాయి. వాటి పేర్లు మాత్రం అంత తేలిగ్గా చావలేదు. కంపెనీవాళ్ళు కల్టివేటరని రంగులేసి అమ్మిన ఇనుప పళ్ళ సామానును మన రైతు ఇంటికి తెచ్చుకుని గొర్రు అనే పిలుస్తున్నాడు. ఇనుప పలకను గుంటక అనే పిలుస్తున్నాడు. ఇంగ్లీషు నోరు తిరగక అలా అంటున్నాడనుకోకండి. కార్బొరేటరు, హైడ్రాలిక్కు అన్న మాటలు అతను మంచినీళ్ళలా పలుకుతాడు. మట్టిని ముట్టుకునే భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తాత మాటే వాడతాడు. ఇంజను ఎక్కడినుంచైనా రావచ్చు, మట్టి మాత్రం ఈ ఊరిదే మరి.